బోసిమెడ పుంజు

వీధిలో అందరికీ ఆమె కోళ్ళత్త. పెరట్లో పది పెట్టలూ ఒకే ఒక్క పుంజూ ఉండేవి. ఆ పుంజుకి మెడమీద ఈకలుండవు. "ఏమత్తా, సగం పీకి వదిలేశావేం?" అని పక్కింటివాళ్ళు వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేది. మండుటెండలో మిగతావి నోళ్ళు తెరుచుకుని కూలబడితే అది మాత్రం దర్జాగా తిరిగేది. గుడ్లు పొదిగించినప్పుడల్లా బోసిమెడా పొడుగు కాళ్ళూ ఉన్న పిల్లల్నే ఏరి ఉంచుకుంటూ రాగా, ఆరేళ్ళకి చేతికొచ్చిన పుంజు అది.

ఆ ఉదయం కోళ్ళ పరిశోధన కేంద్రం నుంచి ఒకాయన టేపూ తూకం కొక్కెమూ పట్టుకుని వచ్చాడు. నాటుకోళ్ళని కొలిచి, మంచివాటిని పెంపకానికి ఎంచుతారట. కోళ్ళత్త పెట్టల్ని ఒక్కొక్కటే పట్టి ఇచ్చింది. చివర్న ఆమె మరిది గంప ఎత్తి పుంజుని అందించాడు.

"మూడున్నర కిలోలు! భేష్!" అంటూ పుస్తకంలో రాసుకున్నాడు కొలతలాయన.

అది మెడనిండా ఈకలున్న తెల్లపుంజు.

"నాదేది?" అంది కోళ్ళత్త.

"అరవకు వదినా. పెద్దమనిషికి ఆ రోగిష్టి మెడ చూపిస్తే మన పరువేం కాను? పొద్దున్నే మాంసం కొట్లో ఇచ్చేసి దీన్ని తెచ్చా."

"వెళ్ళి వెనక్కి తీసుకురా!"

"నా కళ్ళముందే కోసేశారు."

"ఆరేళ్ళ నా కష్టాన్ని కత్తికి అప్పగించి పరువంటావా? నీ మెడమీదున్నది తలా, గుమ్మడికాయా?" ఆమె కొలతలాయన వైపు తిరిగింది. "ఆ రాసింది కొట్టెయ్యి బాబూ. అది నా పుంజు కాదు."

"తూకం బాగుంది కదమ్మా..."

"రేపు ఎండకి చస్తే తూకం చూసుకుని ఏడవనా? కొట్టెయ్యి!"

ఆయన కొట్టేశాడు. "మరి పుంజు లేకుండా మీ కోళ్ళని ఎలా ఎంచను?"

కోళ్ళత్త తెల్లపుంజుని మళ్ళీ గంపకింద తోసి, పెట్టలన్నిటినీ సామాన్ల గదిలోకి తోలి గడియ పెట్టింది. అప్పుడంది: "నా పుంజు సత్తువ వాటి కడుపులో ఇంకో వారం ఉంటుంది. ఈ తెల్లదాన్ని దగ్గరికి రానివ్వకపోతే ఈ వారం పెట్టే గుడ్లు నా పుంజు పిల్లలే. ఇరవై ఒక్క రోజులు పొదిగిస్తా. పిల్లలు ఎదిగాక రా, కొలుద్దువుగాని."

"మరి దీన్నేం చెయ్యను వదినా?" గంప చూపించాడు మరిది.

"నీ మంచం కింద కట్టేసుకో. ఈ గది గుమ్మం తొక్కారో, నువ్వూ అదీ ఇద్దరూ వీధిలో ఉంటారు!"

ఆ మాట ఆమె నవ్వుతూ అనలేదు.