నాన్న కోసం వేసిన రంగు

"ఇక ఇంటికి తీసుకెళ్ళిపోండి" అని నాన్న గురించి డాక్టరుగారు చెప్పిన మాటకు అసలు అర్థం అమ్మకు తెలుసా? నా పదో ఏట నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది.

ఈ ఉదయం కిటికీ ఊచలకు రంగు వేస్తుంటే టర్పెంటైన్ వాసనకు మా పాత ఇనప మంచం గుర్తొచ్చింది. నవ్వారు అల్లిన ఇనప మంచాలు మీ ఇళ్ళలోనూ ఉండేవి కదా? మొగల్తూరు ఉప్పుగాలికి మా మంచం పొక్కులు పొక్కులుగా తుప్పు పట్టేసింది. బాబాయి ఆసుపత్రి నుంచి నాన్నను తీసుకొచ్చేలోగా అమ్మ నవ్వారు విప్పి, గరుకు కాగితంతో తుప్పంతా రుద్ది, ఆ పూటే తుప్పు రాకుండా అడుగుపూతగా రెడ్ ఆక్సైడ్ పూసింది. మర్నాటికి వదిలేస్తే మా గాలికి మళ్ళీ తుప్పే. అది ఆరాక ఆకుపచ్చ రంగు. ఎక్కడైనా చుక్క జారితే ఆరనిచ్చి, గీకేసి, మళ్ళీ వేసేది.

"ఏంటండీ వదినగారూ, మంచానికేమన్నా పెళ్ళా?" అంది పక్కింటి అత్తయ్య.

"ఆయన చెయ్యి ఆనించే చోటండి. గరుగ్గా తగలకూడదు" అంది అమ్మ, బ్రష్షు ఆపకుండా.

ఇంటికి వస్తున్నారంటే నాన్నకు నయమైపోయిందని పిల్లలం గంతులేశాం. నాన్న వచ్చి, పడుకుని, పట్టె నిమిరి, "అద్దంలా ఉందే" అన్నారు. వారం తిరక్కుండానే పోయారు.

బతుకుతారని నమ్మి అమ్మ అంత నున్నగా చేసిందా? బతకరని తెలిసే చేసిందా? నేను అడగలేకపోయాను, ఇప్పుడు అమ్మా లేదు. ఈ రెండింటిలో ఏది నిజమైతే నాకు తక్కువ బాధో, అది కూడా తేల్చుకోలేకపోతున్నాను.