మణి పళ్ళు

తిరుత్తణిలో పాత్రల అంగడి నడిపే రఘునాథ్ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అయినా పెరటి గూట్లో కోడిమాంసం వాసనొచ్చే, కుక్కల పళ్ళు తోమే పేస్టు ఒకటి ఉంటుంది. వేరేది పెడితే ఆయన కుక్క మణి నోరు తెరవదు. దాని చిగుళ్ళు వాచినప్పుడు, పళ్ళు తోమడం ఒక్కరోజు కూడా తప్పించొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి రోజూ పొద్దున దాన్ని బట్టలుతికే బండ పక్కన కూర్చోబెట్టి, పెదవి పైకెత్తి, చూపుడువేలికి పాత పంచెగుడ్డ చుట్టి, ఆ పేస్టు రాసి వెనక దవడ దాకా మెల్లగా రుద్దుతాడు. మణి కళ్ళు మూసుకుంటుంది. తనకు తెలియకుండానే ఆయన నోరూ తెరుచుకుంటుంది.

నెలనెలా కృత్తిక నాడు ఆయనకు ఒకపొద్దు. ఆ రోజు తానే బ్రష్షు ముట్టడు, నీళ్ళు పుక్కిలిస్తాడంతే. మొన్నటి కృత్తికకు తలస్నానం చేసి కొండమీది గుడికి బయలుదేరబోతుంటే, మణి వచ్చి బండ పక్కన కూర్చుంది.

“కొండకు పొయ్యొచ్చి తోమితే కాదా?” అంది భార్య విద్యాలక్ష్మి.

“ఒకపొద్దు నాకు గానీ దానికా?” అంటూ ఆయన చొక్కా విప్పాడు.

తోమాక మళ్ళీ స్నానం చేశాడు. మూడుసార్లు సబ్బు పెట్టినా వేలి వాసన పోలేదు. కొండమీద విభూతికి చెయ్యి చాచినప్పుడు ఆ వేలొక్కటి లోపలికి మడిచి పట్టుకున్నాడు.

“వేలికి దెబ్బ తగిలినాదా?” అని అడిగాడు పూజారి.

రఘునాథ్ దేవుడి ఎదుటే అవునని తలూపాడు.