సున్నా దగ్గర మోగిన బేస్ గిటార్

దయ్యాల కథలు చెప్పేవాళ్లతో నేను పోట్లాడతాను. "మీరు చూశారా, మీ తోడికోడలి పిన్ని చూసిందా?" అని అడిగితే సగంమంది అక్కడే ఆగిపోతారు. ఇది చదివి నాకు నిమ్మకాయలు పంపకండి. నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

సూరత్‌లో బ్యాంకు ఉద్యోగం నాది. కాలేజీలో నేర్చుకున్న బేస్ గిటార్‌ని యాభై దగ్గరపడ్డాక మళ్లీ పట్టుకున్నాను. ఊళ్లోనే అమ్రోలి పేటలో మా తెలుగువాళ్ల ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. కీబోర్డ్ వాయించే రమేశ్ దానికి పెద్ద. రైల్వే ఉద్యోగి, కరీంనగర్ మనిషి.

నా గిటార్‌కి రెండు పికప్‌లు, అంటే తీగల కదలికను పట్టే అయస్కాంతపు పట్టీలు. దేని వాల్యూమ్ నాబ్ దానిదే. కానీ దాని వైరింగ్ ఎలాంటిదంటే, రెండింటిలో ఏ ఒక్కటి సున్నాకి తిప్పినా గిటార్ మొత్తం మూగబోతుంది. రెండోది పూర్తిగా తెరిచి ఉన్నా అంతే. కొందరికి అది లోపం, నాకు సౌకర్యం. పాటల మధ్య యాంకర్ మాట్లాడేటప్పుడు వెనక నాబ్ ఒక్కటి మూసేస్తాను, పాట మొదలవగానే తెరుస్తాను. ఎక్కడుందో కనపడాలని దాని మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకున్నాను.

ఉగాది రిహార్సల్‌లో రమేశ్ మొదలుపెట్టాడు. "అక్కా, మీ బేస్ ఎవ్వరికీ వినబడ్తలేదు. ఈసారి గూడ గిట్లనే ఉంటే కీబోర్డ్ మీద ఎడమచేత్తోని నేనే కొడ్త."

"ముందు నీ కుడిచేయి సరైన మెట్ల మీద పడనీ తమ్ముడూ. తర్వాత ఎడమచేతికి ఉద్యోగం ఇద్దాం," అన్నాను.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఉగాదినాడు వినపడకపోతే నా చోటు పోయినట్టే.

ఉగాది సాయంత్రం హాలు నిండిపోయింది. చివరి పాటకి ముందు యాంకర్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, డ్రమ్మర్ ఆగలేక మొదలెట్టేశాడు. నేనూ అందుకున్నాను. బేస్ ఎన్నడూ లేనంత నిండుగా మోగింది. కాళ్లకింద స్టేజి చెక్కలు అదిరాయి. ముందు వరసలో ఆడవాళ్లు లేచి ఆడారు. రమేశ్ తన ఎడమచెయ్యి కీబోర్డ్ మీంచి తీసేశాడు.

పాటయ్యాక అలవాటుగా నాబ్ మూయబోయాను. ఎర్ర చుక్క సున్నా దగ్గరే ఉంది, హడావిడిలో తెరవనే లేదు. తీగ మీటితే చప్పుడు లేదు. నాబ్ తెరిస్తే మోగింది. రమేశ్‌ని పిలిచి చూపించాను.

"పాట అయినంక మీ కొంగు తాకి తిరిగిందేమో అక్కా," అన్నాడు రమేశ్.

"కొంగుకి పిన్ను పెట్టాను. ఆ నాబ్ వేలితో తిప్పడానికే బలం కావాలి," అన్నాను.

మా అమ్మాయి స్టేజి పక్క నుంచి ఫోన్‌లో నా చేతులనే వీడియో తీసింది. పాట పొడుగునా నా రెండు చేతులూ తీగల మీదే ఉన్నాయి. చుక్క సున్నా దగ్గరే ఉంది. బేస్ మాత్రం దడదడలాడుతోంది. అదే కేబుల్, అదే స్పీకర్‌తో రమేశే పరీక్షించాడు. సున్నా దగ్గర గిటార్ కిక్కురుమనలేదు.

"జర దీనికి కొబ్బరికాయ కొడ్దాం అక్కా," అన్నాడు చిన్న గొంతుతో.

"వాయించినదాన్ని నేనిక్కడుంటే కొబ్బరికాయ గిటార్‌కా?"

ఎడమచేతి మాట మళ్లీ రాలేదు. తర్వాతి ప్రోగ్రాం బేస్‌తోనే మొదలవ్వాలని ఆయనే చెప్పాడు.

మూసిన నాబ్ దాటి ఆ శబ్దం ఎలా వచ్చిందో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. ఎవరైనా దారి వదిలి ఉంటే వారికి నమస్కారం. కానీ ఆ పాటలో ఒక్క స్వరం తప్పలేదు. అది నా పనే, అందులో వాటా ఎవరికీ ఇవ్వను.