తొమ్మిదోసారి పల్లవి

మొన్న బుక్కరాయసముద్రంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. మా పక్కింటివాళ్ళ అమ్మాయి పెళ్ళి. చెరువుకట్ట దాటగానే కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు, లోపల ఏసీ, గుమ్మం దగ్గర పన్నీరు చల్లే యంత్రం. అన్నీ ఉన్నాయిగానీ మేళం కనిపించలేదు. వేదిక పక్కన ఒకాయన ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. పురోహితుడు చెయ్యి పైకెత్తగానే ఆయన ఒక మీట నొక్కాడు. నాలుగు మూలల పెట్టెల్లోంచి గట్టిమేళం ఒక్కసారిగా విరుచుకుపడింది. మూడో ముడి పడగానే ఇంకో మీట నొక్కాడు, అది సగంలో తెగిపోయింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాకు మాత్రం నవ్వొచ్చింది. మావారు నా వైపు చూడకుండానే నవ్వడం మొదలుపెట్టారు. పక్కన కూర్చున్నామె "ఏమక్కా, నవ్వుతాండారు?" అని అడిగింది. "ఏం లేదమ్మా, మా పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మోగలేదు" అన్నాను. ఆమె "అయ్యో" అని, వక్కపొడి నములుతున్న మావారి వైపు కాసేపు చూసి, "బాగానే ఉండారు కదక్కా" అంది. అవును, బాగానే ఉన్నాం. బాగా లేకుండా పోయింది వేరే ఇద్దరు.

ఆ ఇద్దరిలో ఒకరు మా నాయన. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మా ఇంట్లో ముందు గదంతా గుంతమగ్గమే. గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మా నాయన నడుము పైభాగం మాత్రమే లోకానికి కనిపించేది. మగ్గానికి ఎదురుగా గూట్లో రేడియో. పొద్దున పూట అందులో కచేరీ వస్తే మా నాయన దారం అటూ ఇటూ తోసే నాడె ఆపేసేవాడు. మగ్గం చప్పుడులో పాట వినబడదు కదా. "పాటొచ్చినప్పుడల్లా మగ్గం నిలిపితే ఈ చీర ఎప్పుడు దిగుతాది?" అని మా అమ్మ వంటింట్లోంచి అనేది.  ఒక్కోసారి మా నాయన ఆపకుండా, వింటూనే నేసేవాడు, అది ఇంకా ప్రమాదం. ఒకసారి చీర ఒంట్లో ఒక బుట్టా పడాల్సిన చోట కాకుండా రెండు వేళ్ళ ముందే పడింది. షావుకారు దాన్ని చూసి చీర వెనక్కి పంపించాడు. ఆ చీర మా అమ్మే కట్టుకుంది. ఎవరైనా ఆ బుట్టా సంగతి అడిగితే, "అది ఆలాపనలో పడిన బుట్టా" అని చెప్పేది. నాకు పదహారేళ్ళప్పుడు ఆమె పోయింది. ఆ చీర ఇప్పుడు నా దగ్గర ఉంది.

రెండోవారు మా సాయిబు మామ. బత్తలపల్లెలో ఉండేవాడు. తాతల నాటి నుంచీ సన్నాయి వాళ్ళింటి వృత్తి. పొద్దున గుడిలో సన్నాయి, ముహూర్తాల రోజుల్లో పెళ్ళిళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగించుకుని బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. మా నాయనకు వినడం నేర్పింది ఆయనే. రేడియోలో విన్నవన్నీ మా నాయన వారమంతా దాచుకుని ఆయన్ను అడిగేవాడు. ఈ కీర్తన ఎవరిది, ఆయన ఎట్లాంటివాడు, ఎందుకిట్లా కట్టాడు. ఆ వాగ్గేయకారుల పేర్లు గౌరవం కొద్దీ సాయిబు మామ నోటితో పలికేవాడు కాదు. పేరు రావలసిన చోట చెవి తాకి "పెద్దాయన" అనేవాడు. ఆయనకు ముగ్గురు నలుగురు పెద్దాయనలు ఉండేవారు. అందరికీ అదే పేరు కాబట్టి ఎవరి గురించి చెబుతున్నాడో గొంతును బట్టి తెలుసుకోవాలి. ఒక పెద్దాయన కీర్తనలు చాలా నిదానంగా నడుస్తాయట. "తొందర పనుండేవాడు ఆయన జోలికి పోకూడదప్పా, రెండు చీరలు నేసేంత ఓపిక ఉండాల" అనేవాడు. ఇంకో పెద్దాయన దేవుడితో ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడట, అలుగుతాడట, దెప్పుతాడట. మా నాయనకు ఈ అలిగే పెద్దాయనే ఇష్టం.

ఆయనదే ఒక కీర్తన ఉంది, తోడి రాగంలో. పల్లవిలో మొదటి వరుసనే ఎనిమిదిసార్లు పాడాలి. మాట అదే, రాగం మాత్రం ఒక్కోసారి ఒక్కో మెట్టు ఎక్కుతుంది, ఒక్కోసారి కొత్త మలుపు తిరుగుతుంది. వీటినే సంగతులంటారు. సాయిబు మామ సన్నాయి ముట్టకుండా ఊరికే గొంతుతో ఆ ఎనిమిదీ ఒకటొకటిగా పాడి వినిపించేవాడు. మా నాయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టేవాడు. ఒక శుక్రవారం మా నాయన, "అన్నా, ఒకటే మాట ఎనిమిదిసార్లు ఎందుకడిగినాడు?" అన్నాడు. సాయిబు మామ మంచినీళ్ళ చెంబు కింద పెట్టి, "దేవుడు పలకల్యా. అందుకు," అన్నాడు. మా నాయన ఆ పొద్దంతా మళ్ళీ మగ్గంలోకి దిగలేదు.

నా పెళ్ళి కుదిరింది. మావారిది బెళుగుప్ప, చీరల అంగడి. మా అమ్మ లేదు కాబట్టి కన్యాదానం పీటల మీద మా నాయన కూర్చోవడానికి లేదు. మా పెదనాయన, పెద్దమ్మ కూర్చున్నారు. సొంత కూతురి పెళ్ళిలో మా నాయనకు చేయడానికి ఏ పనీ మిగల్లేదు. ఆయనే ఒక పని వెతుక్కున్నాడు. మా వీధి సత్రం చిన్నది, మేళం బయట పందిట్లో కూర్చుంది. లోపల పెళ్ళి చేయించే అయ్యవారి గొంతు బొంగురుపోయింది, కేక వేసినా గుమ్మం దాటదు. అందుకని గుమ్మంలో ఒక మనిషి నిలబడి, అయ్యవారు చెయ్యెత్తగానే కండువా ఊపాలి. అది చూసి బయట గట్టిమేళం అందుకోవాలి. తాళి కట్టే క్షణంలో చెడ్డ మాట, తుమ్ము, ఏడుపు చెవిన పడకూడదని ఆ మోత. "ఆ పని నాకియ్యండి," అన్నాడు మా నాయన.

జీలకర్ర బెల్లం అప్పుడు కండువా సరిగ్గానే ఊపాడు. తర్వాత తాళిబొట్టు పళ్ళెంలో పెట్టి అందరి చేతా తాకించడానికి తిప్పారు. మా వాళ్ళు చాలామంది, పళ్ళెం ఎంతకూ తిరిగి రాలేదు. ఆ ఖాళీలో సాయిబు మామ తోడి ఎత్తుకున్నాడు. మా నాయన అడిగి పెట్టుకున్న కీర్తన. తల వంచుకుని కూర్చున్నా నాకు గుమ్మం కనిపిస్తూనే ఉంది. మొదటి రెండుసార్లకు మా నాయన లోపలికీ బయటికీ చూస్తున్నాడు. నాలుగోసారికి గుమ్మానికి ఆనుకున్నాడు. ఎనిమిదోసారికి కళ్ళు మూసుకున్నాడు. ఎనిమిది అయిపోయింది, ఇక అనుపల్లవి రావాలి. రాలేదు. సాయిబు మామ తొమ్మిదోసారి అదే పల్లవి అందుకున్నాడు. ఎన్నడూ వాయించనిది. పైకి వెళ్ళలేదు, కిందికి వచ్చింది, అడిగి అడిగి అలసిన మనిషి గొంతులా. మా నాయన మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. సరిగ్గా అప్పుడే అయ్యవారు చెయ్యెత్తారు. మా పెదనాయన "మేళం, మేళం" అని అరిచాడు. ముహూర్తం దాటిపోతోందని అయ్యవారు తొందరపెట్టారు. మావారు తాళి కట్టేశారు. బయట సన్నాయి అంత నెమ్మదిగా పలుకుతున్నప్పుడు, గట్టిమేళం లేని ఆ నిశ్శబ్దంలో, సత్రమంతా వినబడేట్టు ఎవరో తుమ్మారు.

ఆ తర్వాత జరిగిన గొడవ ఊహించుకోవచ్చు. మావారి మేనమామ పందిట్లోకి పోయి, "ఏమప్పా, నిద్రపోతాండావా? ఆడ తాళి కట్టడం కూడా అయిపోయె," అన్నాడు. సాయిబు మామ సన్నాయి దించి మా నాయన వైపు చూశాడు. ఊపని కండువా ఇంకా చేతిలో మడతపెట్టినట్టే ఉంది. మా నాయన నోరు తెరవబోయాడు. అంతకుముందే సాయిబు మామ లేచి నిలబడి, "తప్పు నాదే అన్నా. పాటలో పడిపోయినా. కండువా ఊపింది చూడల్యా," అన్నాడు. మా నాయన తెరిచిన నోరు మూసుకున్నాడు. గుమ్మంలోంచి అదంతా నేను చూశాను. కొత్త పెళ్ళికూతురిని, నేనూ నోరు మూసుకున్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

పెళ్ళిమేళానికి పేరే పెట్టుబడి. తాళి దగ్గర గట్టిమేళం మరచిపోయిన సాయిబు అనే మాట ధర్మవరం నుంచి బెళుగుప్ప దాకా పాకింది. ఆ ఏడు ముహూర్తాలకు ఆయన్ను పిలిచినవాళ్ళు తక్కువ, మరుసటి ఏడు ఇంకా తక్కువ. గుడి మాత్రం మిగిలింది. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా మా నాయన మగ్గం ఆగకుండా ఆడుతూ కనిపించేది. గూట్లో రేడియో మీద గుడ్డ కప్పి ఉండేది. శుక్రవారాలు సాయిబు మామ రావడం మానేశాడు. మా నాయనే వారానికోసారి బస్సెక్కి ఎక్కడికో పోయి వస్తున్నాడని పెద్దమ్మ చెప్పింది. నిజం చెబితే అత్తగారింట్లో నేను మాట పడతానని ఆయన భయం. ఆ భయం నాకోసమే కాబట్టి, దాన్ని తీయాల్సింది నేనేనని తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మా ఆడబిడ్డ పెళ్ళి కుదిరింది. మా అత్త చేటలో కందిబేడలు ఏరుకుంటూ, "ఎవురినైనా పిలవండి గానీ ఆ బత్తలపల్లె సాయిబును మాత్రం వద్దు," అంది.  "అత్తా, తప్పు ఆయనది కాదు. కండువా ఊపాల్సింది మా నాయన. ఊపల్యా. నేను చూసినా," అన్నాను. మా అత్త చేట్లో చెయ్యి ఆపలేదు. ఒక రాయి ఏరి పారేసి, "నేనూ చూసినా," అంది. "మీ నాయన కండ్లు మూసుకోని తలకాయ ఊపుతాండె."  "మరి ఆ పొద్దే ఎందుకు చెప్పల్యా అత్తా?" అని అడిగాను. ఆమె చేట కుదిపి, "ఆ తుమ్మింది నేను గదా," అంది. "అందరూ పోయి మేళం మింద పడిరి. తుమ్మిందెవురని ఒక్కరూ అడగల్యా. ఇంగ నేనేం నోరు తెరిచేది?" ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వొచ్చిందిగానీ నవ్వడానికి మొహం చెల్లలేదు. "పోయి ఆయన్నే పిలుచుకోని రాండి," అంది మా అత్త.

మావారూ నేనూ బత్తలపల్లె వెళ్ళాం. సన్నాయి గోడకు గుడ్డ చుట్టి వేలాడుతోంది. సాయిబు మామ కొంచెం చిక్కాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పి, "నాయన మీకేమీ చెప్పలేదా మామా?" అని అడిగాను. ఆయన నవ్వాడు. "సంత రోజు సంత రోజు వస్తాడు పాపా. ఈ అరుగు మింద కూర్చుంటాడు. 'బాగుండావా అన్నా' అంటాడు. ఇంకొక్క మాట అనడు. లేచి బస్సెక్కి పోతాడు. రెండేండ్లుగా అదే మాట. ఏ రెండుసార్లూ ఒకే మాదిరిగా అడగల్యా." అరుగు వైపు చూశాడు. "నేనూ 'బాగుండానప్పా' అనేవాణ్ణి. అన్ని రకాలుగా చెప్పేది నాకూ నేర్చుకోవాల్సొచ్చె." నేను అక్కడే ఏడ్చేశాను. మావారు బయటికి పోయి స్కూటరు తుడుస్తూ నిలబడ్డారు.

మేళానికి వస్తానన్నాడు, ఒక్క షరతు పెట్టాడు. "కండువా మీ నాయన చేతికే ఇయ్యాల." బెళుగుప్పలో ఆ పొద్దు మా నాయన గుమ్మంలో రెప్ప వేయకుండా నిలబడ్డాడు. ఎంత జాగ్రత్త అంటే, అయ్యవారు మొహం మీద చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తగానే కండువా ఊపేశాడు. తాళిబొట్టు ఇంకా పళ్ళెంలోనే ఉంది. గట్టిమేళం మొదలైపోయింది. సాయిబు మామ లోపలికి తొంగి చూసి పరిస్థితి గ్రహించాడు. ఆపలేదు. అయ్యవారు మంత్రం చెప్పి, తాళి తీసి, మూడు ముళ్ళూ పడేదాకా బుగ్గలు ఉబ్బించి వాయిస్తూనే ఉన్నాడు. డోలు వాయించే ఆయన చేతులు వాచిపోయి ఉంటాయి. ఆ మోతలో మా అత్త నా చెవిలో, "ఇప్పుడు ఎన్ని తుమ్ములు తుమ్మినా తెల్సదు," అంది. భోజనాలయ్యాక మా నాయన పోయి సాయిబు మామ పక్కన కూర్చున్నాడు. "బాగుండావా అన్నా," అన్నాడు. సాయిబు మామ ఆయన తొడ మీద చెయ్యి వేసి, "చాల్లేప్పా," అన్నాడు. మరుసటి శుక్రవారం ధర్మవరంలో మా ఇంట్లో రేడియో మీద గుడ్డ తీసేశారు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఫంక్షన్ హాలు నుంచి ఇంటికొచ్చాక ఫోన్లో ఆ తోడి కీర్తన వెతికి పెట్టుకున్నాను. పెద్ద పెద్ద విద్వాంసులు పాడినవి, వాయించినవి ఎన్నో ఉన్నాయి. మా నాయనలాగే వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. కొందరు ఆరుసార్లతో ఆపారు, కొందరు ఎనిమిదిదాకా వెళ్ళారు. అందరూ గొప్పగానే పాడారు. తొమ్మిదోది ఎవరి దగ్గరా లేదు. గట్టిమేళం తప్పిన పెళ్ళని నా పెళ్ళిని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ తొమ్మిదోసారి పల్లవికి మాత్రం ఈ భూమ్మీద ఉన్నది ఆ ఒక్క ముహూర్తమే, దాన్ని మా నాయన తప్పిపోనివ్వలేదు.