వీణకు త్రోట్ మైకు కట్టిన రోజు

1947 ఎండాకాలం. నరసరావుపేట స్టేషన్ రోడ్డులో నాకు మైకుసెట్ల షాపు ఉండేది. యుద్ధం అయిపోయాక మద్రాసులో మిలిటరీ సామాను కుప్పలు పోసి అమ్ముతుంటే ఒక చిన్న త్రోట్ మైకు కొనుక్కొచ్చాను. సైనికులు గొంతుకు కట్టుకునేది. గాలిలో వచ్చే మాట దానికి పెద్దగా పట్టదు, తాకిన వస్తువు అదిరితేనే పలుకుతుంది. దాన్ని వీణకు కట్టి చూడాలని ఒకటే తహతహ.

నా తహతహకు తగ్గట్టే రెంటచింతల నుంచి నాగరత్నం వచ్చింది. ఆమె తండ్రి శేషయ్యగారు వీణ విద్వాంసుడు, డెబ్బై దాటిన మనిషి.

"మస్తానన్నా, ఊళ్లో సంగీతం బడి పెడతన్నారు. నాయన్ని పెట్టుకోవాలంటే ముందు ఊరంతా ఆయన వీణ వినాలంట. మూడో వరసకే వినబడదు గదా. ఏదన్నా చెయ్యి. బడి దొరక్కపోతే ఆయన ఇంక లేవడు" అంది.

ఆదివారం పొద్దున రెంటచింతలలో వేసిన పందిట్లో సెట్టు పెట్టాను. శేషయ్యగారు విజయనగరం బాణీలో వీణను నిలువుగా పట్టి ఛాతీకి ఆనించుకునేవారు. వీణ వెనక చెక్కకు మైకు కట్టి, బ్యాటరీతో నడిచే యాంప్లిఫయర్‌కు తగిలించాను. శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె అది. ఆయన ఇంకా తీగ ముట్టుకోలేదు.

పందిరి గుంజకు కట్టిన లౌడ్‌స్పీకర్ హారన్‌లోంచి చప్పుడు మొదలైంది. ఎండిన సొరబుర్ర మీద ఎవరో వేలితో తట్టినట్టు... టక్, టక్. ఆగింది. మళ్లీ టక్.

"ఏందిరా అది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆ ఎండలో నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వైరు మార్చాను, యాంప్లిఫయర్ లోపలి వాల్వు మార్చాను, మైకు విప్పి మళ్లీ కట్టాను. పోలేదు.

శేషయ్యగారు మాత్రం నవ్వారు. "మా గురువుగారు పోయేటప్పుడు ఈ వీణ ఆయన గుండెల మీదే ఉందిరా మస్తానూ. ఆయనే వచ్చాడు. తియ్యమాక, ఉండనీ."

ఆ మాటతో ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుని లేచారు. నాగరత్నం మొహం పాలిపోయింది. "అన్నా, జనం పోతన్నారు. ఎట్టన్నా ఆపు" అంది.

వీణను చాప మీద పెట్టించాను. చప్పుడు లేదు. నా ఛాతీకి ఆనించుకున్నాను. హారన్‌లో దడదడా, ఎక్కడా ఆగకుండా కొట్టింది. అప్పుడు అర్థమైంది. దయ్యమూ లేదు, గురువూ లేడు. అది పట్టుకున్న మనిషి గుండె.

కనిపెట్టేశానన్న గర్వం తలకెక్కి, అది ఆయన గుండె చప్పుడేనని అందరికీ అరిచి చెప్పాను. దుప్పటి నాలుగు మడతలు పెట్టి శేషయ్యగారి ఛాతీకీ వీణకూ మధ్య దూర్చాను. నాయిస్ పోయింది. మా పనిలో అక్కర్లేని చప్పుడంతటినీ నాయిస్ అంటాం. నా గుండె ఆగకుండా కొట్టిందే, ఆయనది మధ్యలో ఎందుకు ఆగుతోంది అని నాకు తట్టనే లేదు.

లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. ఆయన గంటన్నర వాయించారు. చివరి వరసలోని గొర్రెల కాపరులు కూడా తలలూపారు. బడి ఆయనకే ఇచ్చారు. చిన్నపిల్లాడిలా నా చెయ్యి పట్టుకుని "చానా దూరం వినబడిందిరా!" అన్నారు.

తొమ్మిదో రోజు, బడిలో పాఠం చెబుతూ గుండె ఆగి చనిపోయారు. గొట్టం పెట్టి గుండె చూసే డాక్టరు మా షాపుకు నాలుగు గుమ్మాల అవతలే ఉండేవాడు.

నెల తర్వాత నాగరత్నం వీణ పట్టుకుని షాపుకొచ్చింది. "ఆ రోజు మాదిరే కట్టన్నా. నాయన చప్పుడు ఒక్కసారి వింటా" అంది. వద్దనలేక కట్టాను. వీణను గుండెకు హత్తుకుంది. హారన్ సమంగా, గట్టిగా కొట్టింది. చాలాసేపు విని, "ఇది నాదే గదన్నా" అని ఏడ్చింది. ఆ రోజు నేనేం విన్నానో, ఏం మూసేశానో ఆమెకు చెప్పేశాను. ఆమె మైకు తనే విప్పి నా బల్ల మీద పెట్టి, వీణ తీసుకుని వెళ్లిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

తర్వాత చాలా ఏళ్లు మైకుసెట్ల పనే చేశాను. ఏ సెట్టులో ఏ చప్పుడు వచ్చినా, అది ఎవరిదో తెలిసేదాకా దాన్ని ఆపలేదు.