టీచరమ్మ కంప్యూటర్‌కు ముగ్గురు డాక్టర్లు

మా కింది పోర్షన్ టీచరమ్మ పోయింది. పోయిన వారం పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే అమ్మ మెట్ల మీదికెల్లి చెప్పింది. నోటి నిండ నురగతోని నేనన్న మొదటి మాట, "నాతోని చెప్పకుండనా?" అప్పుడు అమ్మ నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. కానీ చదివేటోళ్లు మీరే న్యాయం చెప్పాలె. శాలిబండల మా గల్లీ మొత్తంల టీచరమ్మకు నాకంటే దగ్గరోడు ఇంకొకడు లేడని నేను నమ్ముకొని ఉన్న. నమ్మించింది ఆమెనే.

సర్కారు బడిల లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ తర్వాత ముందర్రూంల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకొని గల్లీకి కార్డులు టైపు చేసుడు మొదలుపెట్టింది. పెండ్లి, బారసాల, గృహప్రవేశం, దశదినకర్మ. ఎవరింట్ల ఏం జరిగినా ముందుగాల తెలిసేది దేవునికి, ఆ తర్వాత టీచరమ్మకు. ఆ కంప్యూటరుకు వయసైపోయింది. పొద్దున బటన్ నొక్కి, దీపం పెట్టుకొని, తులసికి నీళ్లు పోసి వస్తే అప్పుడు అది మెల్లగ కండ్లు తెరిచేది. "నా లెక్కనే. లేవంగనే ఎవరితోని మాట్లాడదు," అనేది. కార్డు కోసం వచ్చినోళ్లు గడియారం చూస్తే, "తొందరుంటె బస్సెక్కుండ్రి, నా దగ్గరికెందుకు వచ్చిండ్రు?" అని అడిగేది.

మరీ మొరాయిస్తే నాకు పిలుపొచ్చేది. "ఇంజినీరూ, కిందికి రా బిడ్డా." నేను కాలేజీల నేర్చిన విద్యనంతా మొఖం మీదికి తెచ్చుకొని దిగేటోన్ని. డబ్బా మీద చెయ్యి పెట్టి వేడి చూసేటోన్ని. మూత విప్పి దుమ్ము ఊదేటోన్ని. అక్కెర లేని ఫైళ్లు తీసేసేటోన్ని. కొంచెంసేపు ఏం మాట్లాడకుండ కూసునేటోన్ని, డాక్టర్లు కూసుంటరు గదా, గట్ల. ఆఖరుకు వైరస్‌లను పట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి, దీన్ని ఎవ్వర్నీ ముట్టనియ్యొద్దని గట్టిగ చెప్పిన. అప్పుడన్నది ఆ మాట.

"నీ చెయ్యి పడితేనే ఇది లేస్తది బిడ్డా."

నవ్వకుండ్రి. కంపెనీలోళ్లు ఇంటర్వ్యూల నన్ను వద్దన్న రోజు ఆ ఒక్క మాట తలుచుకొని నేను అన్నం తిన్న. ప్రపంచంల ఏదో ఒకటి నా చెయ్యి పడితే తప్ప లేవదంటే మనిషికి అంతకంటే ఏం కావాలె. నేను బాగు చేసిన కొన్ని దినాలకే అది మళ్ల పడుకునేది. ఎందుకో నాకు అంతు పట్టకపోయేది. "ముసల్దైంది లే," అని నన్నే ఓదార్చేది టీచరమ్మ.

ఆమెకు ఇంకొక అలవాటుండె. బీపీకి ఇంగ్లీషు గోలీ, మోకాళ్లకు హకీం సాబ్ ఇచ్చిన లేహ్యం, నిద్రకు హోమియో పంచదార గుండ్లు. ఒక డాక్టరు దగ్గరికి పోతే మిగతా ఇద్దరి సంగతి ఎత్తకపోయేది. ముగ్గురికీ, "మీ మందుతోనే గుణమైంది," అని చెప్పేది. మీ కడుపుల సర్వమత సమ్మేళనం నడుస్తుందని నేనంటే కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వింది. పాపం, పెద్దమనుషుల మనసు కష్టపెట్టుడు ఎందుకని అన్నది. ఆ డాక్టర్లను చూసి నేను జాలిపడ్డ. అమాయకులు, ఒకరి సంగతి ఒకరికి తెల్వదు అనుకున్న.

టీచరమ్మ బిడ్డ వనస్థలిపురంల ఉంటది. మేము అక్క అంటం. దశదినకర్మ కార్డు బయట కొట్టిచ్చేది లేదు, అమ్మ కంప్యూటర్ల నుంచే రావాలె, అదీ ఇయ్యాల్నే అని అక్క పట్టు పట్టింది. నేను అంగీ చేతులు మడుచుకొని దిగిన. ముందర్రూంల అప్పటికే ఇద్దరున్నరు. ఒకాయన యాకుత్‌పురా నుంచి వచ్చిన ఆమె మేనల్లుడు, రైల్వేల పని. ఇంకొకాయన మా గల్లీ మూల మీది జిరాక్స్ భాయ్. పరామర్శకు వచ్చిండ్రనుకున్న. దీన్ని ఎవరు ఆన్ చేస్తరని అక్క అడగంగనే ముగ్గురం ఒక్కసారే లేచినం.

"నువ్వు కూసో తమ్మి," అన్నడు మేనల్లుడు. "దీన్ని చూసేది నేను. మా అత్త వేరేటోళ్లను ముట్టనియ్యది."

జిరాక్స్ భాయ్ గడ్డం నిమురుకున్నడు. "ఠైరో మియా, జర ఆగు. అమ్మ నాకేం చెప్పిందో ఎరికేనా? నీ చెయ్యి పడితేనే ఇది లేస్తది భాయ్ అని చెప్పింది."

మేనల్లుని మొఖం చూసిన. ఆయన నా మొఖం చూసిండు. అడిగేటందుకు ఏం మిగల్లేదు. ఒక్క మాటకు మూడు కాపీలు తీసి పంచింది టీచరమ్మ, జిరాక్స్ భాయ్‌ను గూడ వదల్లేదు. నేను పోయేది ఐతారం. భాయ్ శుక్రవారం నమాజు అయినంక. మేనల్లుడు డ్యూటీ లేని నాడు. ఏండ్ల కొద్ది ఒకే డబ్బా ముందర కూసున్నం, ఒక్కనాడు గూడ ఎదురుపడలేదు. ఇంత పకడ్బందీగ టైంటేబుల్ వెయ్యాలంటే బడిల పని చేసినోళ్లకే సాధ్యం.

ఆఖరుకు అక్కనే బటన్ నొక్కింది. కంప్యూటర్ లేచినంక లోపల ఏమేం నడుస్తున్నయో తెరిచి చూసిన. రోగం అక్కడ్నే ఉంది. నేను ఎక్కించిన వైరస్ కాపలాదారు ఒకడు. భాయ్ ఎక్కించినోడు ఇంకొకడు. మేనల్లునోడు మూడోవాడు. ఒకటే ఇరుకు గల్లీకి ముగ్గురు వాచ్‌మెన్లు. ఏ ఫైలు తెరిచినా ముగ్గురూ వరుసగ జేబులు తడుముతరు. అంతటితోని ఊకోరు, మిగతా ఇద్దరూ దొంగలేమోనని వాళ్లనూ తడుముతరు. పాత డబ్బా, ఉన్న కొంచెం మెమరీ ఈ లొల్లికే సరిపాయె. వయసు కాదు, వైరస్ కాదు. మా మందులే దాన్ని పడుకోబెట్టినయి.

"ఒక్కటన్న తీసెయ్యమని ఎవరికీ చెప్పలేదేంది?" అన్నడు భాయ్.

"ఎట్ల చెప్తది," అన్నది అక్క. "మీల ఒకరి మనసు నొస్తది గదా."

ఎవడు ముందు తీసేస్తడన్న దాని మీద కొంచెంసేపు ఎవ్వరం కదల్లేదు. ఆఖరుకు భాయ్ బిస్మిల్లా అని తనది తీసిండు. తర్వాత మేనల్లుడు. నాది తీసేటప్పుడు నేను తెర దిక్కు చూడలే. కంప్యూటర్ మళ్ల లేచేదాంక ముగ్గురం ఊరికే కూసున్నప్పుడు మేనల్లుడు తనల తాను అనుకున్నట్టు అన్నడు, పోయిన నెల అత్త ఛాతీల మంట అంటె చల్లటి పాలు తాగుమని చెప్పిన అని.

భాయ్ తలెత్తిండు. "నాతోని ఎడమ చెయ్యి గుంజుతుందన్నది." టీచరమ్మది ఎడమ చెయ్యి వాటం, మౌస్ ఆ చేత్తోనే పట్టేది. "మౌస్‌తోనే గట్లయితుంది అనుకొని మెత్తటిది కొత్తది తెచ్చిచ్చిన."

నాకు చెప్పింది, మెట్లెక్కితే దమ్ము వస్తుందని. మీరు పైకి రావద్దు, పిలిస్తే నేనే దిగుత అన్న. గొప్ప పరిష్కారం చెప్పినట్టు అన్న.

"నాకు ఫోన్ల ఏం చెప్పేదో తెలుసా," అన్నది అక్క. "నాకేమైంది, గుండ్రాయి లెక్కున్న అని."

లెక్కల టీచరు కదా. ఒక్క లెక్కను ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చింది. ఒకరి కాపీ ఒకరు చూడకుండ పరీక్షల లెక్క దూరం దూరం కూసోబెట్టింది. ముక్కలన్నీ ఒక్క దగ్గర పెడితే మా గల్లీల ఏ పిలగాడైనా జవాబు చెప్పేటోడు. ఎవరికీ ఫికర్ పెట్టొద్దని చేసి ఉంటది. ఆ మంచితనం మీద నాకు ఇంకా కోపం పోలేదు. నాకు భిన్నాలు నేర్పింది ఆమెనే, ఇంటర్ల ఫెయిలైతే మా బాపు ముందర నా తరఫున నిలబడ్డది ఆమెనే. అవన్నీ యాదికున్నయి, అయినా కోపం అట్లనే ఉంది.

కంప్యూటర్ రివ్వున లేచింది. అంత జల్ది అది లేచుడు మా ముగ్గుర్ల ఎవ్వరం ఎన్నడూ చూడలే. మేనల్లుడు టీచరమ్మ గల్లీ మొత్తానికీ వాడిన పాత కార్డు నమూనా తెరిచి, పేరు మార్చి, గట్టిగ చదివిండు. మా మాతృశ్రీ గారు అకస్మాత్తుగా స్వర్గస్థులైనందున.

"బావా, ఆ అకస్మాత్తుగా అన్నది తియ్యి," అన్నది అక్క.

మీట మీద వేలు పెట్టిండో లేదో, ఆ మాట పోయింది. ఆ జాగల ఏం రాయాలని మేనల్లుడు భాయ్ దిక్కు చూసిండు. భాయ్ నా దిక్కు చూసిండు. కర్సర్ గీత ఒక్కటి అక్కడ కొట్టుకుంటనే ఉంది. అక్క చాలాసేపు దాన్నే చూసి, అట్లనే ఉండనియ్యి, ప్రింట్ ఇయ్యి అన్నది.

మా గల్లీల ఇప్పుడు ప్రతి ఇంట్ల ఆ కార్డు ఉంది. "గారు" తర్వాత ఒక మాట పట్టేంత తెల్ల జాగ, ఆ తర్వాత "స్వర్గస్థులైనందున."