ఎండ మేసే గడియారం

మా నాయినకు ఎండంటే పడదు. గద్వాలలో మగ్గం నేసేవాళ్లెవరికీ పెద్దగా పడదు గానీ, ఆయనది మాత్రం పగ. రంగు అద్దిన పట్టును ఎండలో వేస్తే రంగు వెలిసిపోతుంది. అందుకని నీడన ఆరబెట్టాలి, నీడన చుట్టాలి, నీడన నేయాలి. మా ఇంటికి ఏ మంచి వస్తువు వచ్చినా దాని చోటు ముందే ఖాయం: పాత పంచెగుడ్డలో చుట్టి, చీరల పెట్టెలో అడుగున. బడిలో నాకు బహుమతిగా ఇచ్చిన స్టీలు గిన్నెలో నేను ఒక్కసారి కూడా అన్నం తినలేదు. అది ఇంకా ఆ పెట్టెలోనే ఉందని నా అనుమానం.

సెల్‌ఫోన్లు మా వీధికి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, బొంబాయిలో బిల్డింగు పనులు చేసేవాడు. ఒకసారి వస్తూ వస్తూ నాయినకు చేతి గడియారం తెచ్చాడు. నల్ల రబ్బరు పట్టీ, ముళ్లు లేని ముఖం, అంకెలు. అంకెల చుట్టూ ముదురు రంగు పలక.

"బావా, దీనికి సెల్లు వేసుడు లేదు, చావి తిప్పుడు లేదు. ఎండల వెడితె అదే నడుస్తది," అన్నాడు మామ.

"ఎండలనా?" నాయిన గడియారాన్ని అటూ ఇటూ తిప్పాడు. "గింత మంచిదాన్ని ఎండల వెడితె రంగు వోదా?"

మామ పడీ పడీ నవ్వాడు. నాయిన నవ్వలేదు. మామ బొంబాయి బస్సెక్కిన మర్నాడే గడియారం పంచెగుడ్డలోకి, అక్కణ్ణుంచి చీరల పెట్టెలోకి వెళ్లిపోయింది. పెళ్లిళ్లకు మాత్రం బయటికి వచ్చేది. అప్పుడు కూడా పొడుగు చేతుల అంగీ కింద దాక్కునేది. దాన్ని ఊరికి చూపించాలనీ ఉండేది ఆయనకు, ఎండకు చూపించకూడదనీ ఉండేది.

తర్వాత రెండేళ్లకు ఆయన కంటికి శుక్లం వచ్చింది. అందరికీ వచ్చేదే, ఆపరేషన్ చేస్తే పోయేదే. కానీ మా నాయినకు ఉన్నది ఒక్క కన్ను. ఎడమ కన్ను చిన్నతనంలో అమ్మవారు పోసినప్పుడు పోయింది. మిగిలిన ఆ ఒక్క కుడికన్నుతోనే ఆయన నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసేవాడు. గద్వాల చీరలో అడ్డంగా నేసే ఒంటి పేక, అంచు పేక ప్రతి వరుసలోనూ ఒకదానికొకటి కొక్కెం వేసుకోవాలి. ఒక్క వరుస తప్పినా అక్కడ సందు కనిపిస్తుంది. ఆ కన్ను పోతే మగ్గం పోయినట్టే. మగ్గం పోయాక మా నాయిన ఎట్లా ఉంటాడో నేను ఊహించుకోలేకపోయాను.

నేనప్పుడు వనపర్తిలో చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. కంటి దవాఖాన కూడా అక్కడే. ఆపరేషన్ అయ్యాక రెండు గంటలకోసారి కంట్లో చుక్కలు వేయాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. మా ఇంట్లో గోడ గడియారం ఉంది గానీ, అది చూసేవాళ్లకే టైం చెప్తుంది. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెడితే పొద్దు కుంగినా తల ఎత్తదు. అప్పుడే నాకు పెట్టెలోని గడియారం గుర్తొచ్చింది. ఇన్ని గంటలకోసారి కూయమంటే అది కూస్తుంది. నాయిన దాన్ని చూడలేకపోయినా వినగలడు కదా.

ఇంటికి వచ్చి, పెట్టెలోంచి తీసి చూస్తే ముఖం తెల్లబోయి ఉంది. ఒక్క అంకె లేదు.

"సచ్చిపోయిందా?" అంది అమ్మ.

"ఆకలైంది," అన్నాను. "నాయిన దీనికి కూడు వెట్టలే."

మిద్దె మీద చింతపండు ఆరబెట్టిన చాప పక్కన పెట్టాను. నాయిన కింద నుంచి కేకేశాడు, "జర గుడ్డ కప్పు బిడ్డా, రంగు వోతది!" గుడ్డ కప్పితే అది తినేదేమిటో నేను అడగలేదు. మధ్యాహ్నానికి అంకెలు వచ్చాయి. ఏ దేశపు టైమో తెలియదు, మనకు మాత్రం సంబంధం లేనిది. మామ ఇచ్చిన కాగితం తెరిస్తే మడతలే మడతలు, అక్షరాలు ఆవగింజలంత. ఎడమ పక్క పై బొత్తాన్ని నొక్కి పట్టుకుంటే ఊరి పేరు మినుకుమినుకుమంటుంది. కుడి పక్క బొత్తంతో ఊళ్లు మారుతాయి. నేను ఢిల్లీ దాటి రెండుసార్లు ప్రపంచం చుట్టి వచ్చాను. మూడోసారి పట్టుకున్నాను. తర్వాత గంట, నిమిషం, సంవత్సరం, నెల, తారీఖు. వారం మాత్రం అదే తెలుసుకుంది. సెకన్ల కోసం రేడియోలో వార్తల ముందు వచ్చే పీప్ పీప్ దాకా వేలు బొత్తం మీద పెట్టుకుని కాచుక్కూర్చున్నాను. ఆఖరి పీప్‌కు నొక్కాను. దేశమంతా, మా ఇల్లూ ఒక్క టైంలో ఉన్నామని నాకు చాలా గర్వంగా అనిపించింది.

నాయినకు చూపిస్తే కంటికి దగ్గరగా పెట్టుకుని, "పదహారు గంటలేంది? పొద్దు గూకలేదా?" అన్నాడు. దాన్ని పన్నెండు గంటల పద్ధతికి మార్చేసరికి నా ఓపిక అయిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి తెచ్చి లోపలి గదిలో, వెలుతురు పడని మూల మంచం వేశాం. కంటి మీద పచ్చగుడ్డ, చేతికి గడియారం. అది కూసినప్పుడల్లా నాయిన అమ్మను పిలిచేవాడు. అమ్మ వచ్చి, "మీదికి సూడు," అని రెప్ప విప్పి చుక్క వేసేది. మొదట రెండు రోజులు నేను కూడా చూశాను. పని చక్కగా నడుస్తోందని ప్రాక్టికల్సుకు వనపర్తి వెళ్లిపోయాను.

ప్రాక్టికల్సు ముగించుకుని తిరిగి వచ్చేసరికి నాయిన కన్ను చింతనిప్పులా ఉంది. నీరు కారుతోంది. జరిగింది అమ్మ చెప్పింది. పొద్దున్నుంచి గడియారం కూయలేదు. అమ్మ మధ్యలో వచ్చి, "ఏళ గాలేదా?" అని అడిగితే, నాయిన, "మోగలే ఇంకా," అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. బొంబాయి గడియారం తప్పు చెప్పదని ఆయనకు గట్టి నమ్మకం. పచ్చగుడ్డ కింద చీకట్లో ఆయనకు పొద్దు ఎంత ఎక్కిందో తెలియదు. ఆ నమ్మకంతోనే సాయంత్రం దాకా పడుకున్నాడు.

గడియారం చూశాను. టైం సరిగ్గానే ఉంది. కానీ మూలన చిన్నగా ఎల్ అనే అక్షరం ఉంది. లైటు బొత్తం నొక్కితే వెలగలేదు. కాగితం ఆఖరి మడతలో ఉన్న సంగతి ఇది: కడుపు మాడినప్పుడు అది కూత మానేసి, ఉన్న కొద్ది బలంతో టైం మాత్రం చూపిస్తుందట. ఒక్కరోజు మిద్దె మీద తిన్న ఎండ, లోపలి గది చీకట్లో దుప్పటి కింద ఎన్నాళ్లు వస్తుంది? కంటికి చీకటి కావాలి, గడియారానికి ఎండ కావాలి. రెంటినీ మేము ఒకే మంచం మీద పడుకోబెట్టాం.

మర్నాడు మొదటి బస్సుకే వనపర్తి పోయాం. అమ్మ ఏమీ దాచలేదు. "ఒక దినమంత చుక్కలు తప్పినయి అమ్మా," అని చెప్పింది. డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది.

"లోపల వాపు వచ్చింది. ఇప్పుడు గంటకోసారి వేయండి. వారం తర్వాత చూస్తాను. ఉన్నది ఈ ఒక్క కన్నే కదా, ఇంకోసారి తప్పితే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు," అంది.

తిరుగు బస్సులో బీచుపల్లి వంతెన మీద అందరూ చేతులు బయటపెట్టి కృష్ణకు దండం పెట్టుకుంటున్నారు. నాయిన కిటికీ వైపు ముఖం తిప్పి, "నేయనీకె వస్తదా?" అన్నాడు. ఎవర్ని అడిగాడో తెలియదు. ఆ వంతెన అంత పొడుగని నాకు అంతకు ముందు తెలియదు.

ఇంటికి రాగానే అమ్మ నాయిన చేతి నుంచి గడియారం విప్పి తన చేతికి పెట్టుకుంది. జీవితంలో ఆమె గడియారం పెట్టుకోవడం అదే మొదలు. గాజులు పైకి తోసి, రబ్బరు పట్టీని ఆఖరి బెజ్జం దాకా బిగించినా అది జారుతూనే ఉండేది. నేను గంటకోసారి కూసేట్టు మార్చాను. రాట్నం అరుగు మీదికి వచ్చింది. వీధిలో ఎవరిదైనా పడుగు సాపుతుంటే, ఆ పొడుగాటి దారాలను సరిచేయడానికి అమ్మ కూడా వెళ్లేది. చెయ్యి ఎండలో, చెవి గడియారం మీద. కూత వినపడగానే దారం వదిలేసి లోపలికి ఉరికేది.

"ఏం వదినె, కలెక్టరమ్మ లెక్క గడియారం వెట్టినవు!" అని ఎదురింటామె ఆటపట్టించింది.

"మేపుతున్న," అంది అమ్మ. "కడుపు నిండకుంటె కూయదు ఇది."

ఆ మాట ఇంట్లో స్థిరపడిపోయింది. మూలన హెచ్ అనే అక్షరం కనిపిస్తే కడుపు నిండినట్టు, ఎమ్ అయితే సగం. అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ ఆ మూడు అక్షరాలూ వచ్చేశాయి. రోజూ సాయంత్రం వచ్చి నాకు చూపించి, "నిండిందా?" అని రూఢి చేసుకునేది. ఎండకు పగవాడైన మా నాయిన కూడా మారాడు. తెల్లారి ఇంకా పొద్దు పొడవకముందే చీకటి గదిలోంచి, "గడియారాన్ని మేతకు తోలినవా?" అని అడిగేవాడు. ఒక రోజు మబ్బు పట్టింది. మనిషి పరేషాన్ అయిపోయాడు. గంటకు నాలుగుసార్లు, "ఎండ వచ్చిందా?" అంటాడు. ఆ నోటి నుంచి ఆ మాట వినడానికి నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

వారానికి ఎరుపు తగ్గింది. డాక్టరమ్మ, "వాపు పోయింది, చూపు ఉంటుంది," అన్నప్పుడు అమ్మ చేతి గడియారాన్ని కొంగుతో తుడిచింది. మరి కొన్నాళ్లకు అద్దాలు ఇచ్చారు. మగ్గం ఎక్కవచ్చన్నారు.

అద్దాలు పెట్టుకుని నాయిన మొట్టమొదట చేసిన పని మగ్గం గుంటలోకి దిగడం. ఆపరేషన్‌కు ముందు సగంలో ఆగిన చీర మగ్గం మీద అట్లాగే ఉంది. పోగు తోసే నాడెను ముట్టుకోలేదు. నేసిన బట్టను చుట్టుకర్ర నుంచి వెనక్కి విప్పి, అడుగు వైపు తిప్పి, జానెడు జానెడు చూడటం మొదలుపెట్టాడు. శుక్లం ముదిరిన కంటితో నేసింది కదా, ఎన్ని తప్పులున్నాయో చూసుకుంటున్నాడనుకున్నాను. నేను కూడా వంగి చూశాను. ఒక్క సందు లేదు, ఒక్క పోగు తప్పలేదు.

నాయిన ముఖంలో మాత్రం సంతోషం లేదు. బట్ట అడుగున తెగిన పోగులు అతికిన చోట్ల వేలు పెట్టి ఆగుతున్నాడు. అమ్మది ఎడమచేతి వాటం. ఆమె పోగు అతికితే మెలిక అటు నుంచి ఇటు తిరుగుతుంది, నాయిన అతికితే ఇటు నుంచి అటు. అంత సన్న మెలిక నాకు కనపడదు. ఆయనకు ఇప్పుడు కనిపిస్తోంది.

అమ్మ గుమ్మంలో కండెల గంపతో నిలబడి ఉంది.

"ఈ అతుకులు నావి గావు," అన్నాడు నాయిన.

అమ్మ గంపను ఇంకో చంకకు మార్చుకుంది.

"నేను తిననీకె లేసినప్పుడల్ల గుంటల కూసోని నా తప్పులు దిద్దితివా? ఎన్నాళ్ల సంది?"

"కన్ను కనిపిస్తలేదని నువ్వు మాకు జెప్పకముందు సంది."

"మరి నాతోని ఎందుకు జెప్పలే?"

గంపను మగ్గం పక్కన పెడుతూ అమ్మ అంది, "చెప్తె నేస్తుంటివా?"